లాంగ్‌మైర్ బంకులో పెట్రోలు లేదు

పెట్రోలు దీపం వెలిగేసరికి మేము నిస్క్వాలీ గేటు దాటి, అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని మౌంట్ రైనియర్ నేషనల్ పార్కు లోపలికి వచ్చేశాం. గేటు దగ్గర దుంగలతో కట్టిన తోరణం కింద ఫొటోలు దిగుతున్నంతసేపూ ఎవరూ డాష్‌బోర్డు వైపు చూడలేదు. ఫోన్లలో సిగ్నల్ పోయి చాలాసేపయింది. రోడ్డుకు రెండు వైపులా, మెడ వెనక్కి వంచినా చివర కనబడని చెట్లు. "ఇంకో ఇరవయ్యేడు మైళ్ళు వస్తుందని చూపిస్తోంది" అన్నాను. "టెన్షన్ పడకు, కాస్త పైన లాంగ్‌మైర్ అనే చోట బంకుంది. నెట్‌లో ఫొటో చూశాను, పంపులు కూడా కనబడ్డాయి" అన్నారు మా ఆయన.

బంకు ఉన్న మాట నిజమే. పంపులున్న మాట కూడా నిజమే. లావుపాటి దుంగల స్తంభాల మీద ముందుకు చాచిన కప్పు, దాని కింద పాతకాలం పంపులు, వెనక చిన్న మేడ. మా ఆయన కారు ఎదురుగా ఆపి, పర్సు చేత్తో పట్టుకుని మరీ దిగారు. నాలుగడుగులు వేసి ఆగిపోయారు. నోరు తెరిచి అడగటానికి అక్కడ మనిషి లేడు. ఉన్నవి పాత ఫొటోలు, వాటి కింద రాతలు. ఇది ఈ పార్కులో రవాణా ఎలా మొదలైందో చెప్పే చిన్న ప్రదర్శనశాల. మౌంట్ రైనియర్ నేషనల్ పార్కు మొత్తంలో ఎక్కడా చుక్క పెట్రోలు అమ్మరు. వచ్చే దారిలో యాష్‌ఫర్డ్‌లోనో, అంతకు ముందు ఎల్బ్‌లోనో పోయించుకుని రావాలి. ఎల్బ్‌లో పాత రైలు పెట్టెలు కనబడితే అత్తయ్య చూస్తానన్నారు, ఆ హడావుడిలో మర్చిపోయాం. తప్పు పూర్తిగా మాదే.

మా మావయ్యగారు మాత్రం కారు దిగి నేరుగా పంపుల దగ్గరికి వెళ్ళిపోయారు. ఆయన ఆర్టీసీ కావలి డిపో గ్యారేజీలో ముప్ఫై మూడేళ్ళు పనిచేసి రిటైరయ్యారు. సియాటిల్‌లో ఆకాశమంత టవరు చూపిస్తే "బాగుంది" అని ఒక్క మాట అని ఊరుకున్న మనిషి, ఇక్కడ ఒక స్తంభాన్ని అరచేత్తో తట్టి చూశారు, కప్పు ఎత్తు అంచనా వేశారు, పంపు చుట్టూ రెండుసార్లు తిరిగారు. "బస్సు పట్టేంత ఎత్తుందిరా" అన్నారు. తర్వాత బోర్డు చదువుతున్న కొడుకు వైపు చూసి, "ఏందిరా, బంకుకొచ్చి పేపర్ చదవతన్నావు?" అన్నారు.

అసలు ప్లాన్ ప్రకారం మేము మధ్యాహ్నానికల్లా పైన కొండ మీద ప్యారడైజ్ అనే చోట ఉండాలి. లాంగ్‌మైర్ నుంచి అది మరో పన్నెండు మైళ్ళు, మొత్తం ఎక్కుడే. 2,700 అడుగుల నుంచి 5,400 అడుగులకు. అంత ఘాట్ ఎక్కితే డాష్‌బోర్డు చూపించే మైళ్ళు సగానికి పడిపోతాయని, పైకి వెళ్ళాక దిగటం సులువే గానీ ఆ ధైర్యం ఎవరికీ ఉండకూడదని మావయ్యగారు తేల్చేశారు. రాత్రికి బస ఎలాగూ లాంగ్‌మైర్‌లోనే. కాబట్టి ఆ పూటంతా అక్కడే ఉండిపోయాం. మామూలుగా ఇక్కడ అందరూ బాత్రూం కోసం పది నిమిషాలు ఆగి పైకి వెళ్ళిపోతారు. నేను కూడా ఇంతకు ముందు రెండుసార్లు అదే చేశాను.

ఆ బంకును 1929-30లో కట్టారు. దాని వయసు చెబితే సరిపోదు, అసలు ఇలాంటి చోట బంకెందుకు అవసరమైందో చెప్పాలి. మౌంట్ రైనియర్ 1899లో అమెరికాకు అయిదో నేషనల్ పార్కు అయింది. కొన్నేళ్ళకు టకోమా నుంచి యాష్‌ఫర్డ్ దాకా రైలు వచ్చింది, అక్కడి నుంచి గుర్రబ్బళ్ళు. 1907లో కార్లను లోపలికి రానిచ్చారు. నేషనల్ పార్కుల్లో కారుకు తలుపు తీసిన మొదటిది ఇదే. రానిచ్చారు గానీ రోడ్డు ఉండొద్దూ? 1911లో ప్రెసిడెంట్ టాఫ్ట్ వస్తే, ఆయన కారు పైకి ఎక్కలేక బురదలో దిగబడితే కంచర గాడిదలను కట్టి లాగించారు. ఆ సంగతి చెబితే మావయ్యగారు చాలాసేపు నవ్వారు. "వర్షాకాలం ఉదయగిరి రూటు" అన్నారు.

రోడ్డును గీసింది యూజీన్ రిక్‌సెకర్ అనే ఇంజినీరు. త్వరగా చేరటం ఆయన లెక్కలో లేదు. ప్రతి మలుపులో ఏదో ఒకటి, ఒకచోట జలపాతం, ఒకచోట హిమానీనదం, కనబడాలని గీశాడు. 1915కల్లా జనం తమ కార్లలోనే ప్యారడైజ్ దాకా వెళ్ళసాగారు. పైభాగం రోడ్డు ఎంత ఇరుకంటే, కాసేపు ఎక్కే బళ్ళను, కాసేపు దిగే బళ్ళను గేటు వేసి వదిలేవారు. మరుసటి ఏడాది సియాటిల్, టకోమా వ్యాపారులు కలిసి రైనియర్ నేషనల్ పార్క్ కంపెనీ పెట్టారు. హోటళ్ళు, భోజనాలు, బస్సులు అన్నీ దాని చేతిలోనే. కార్లు పెరిగేకొద్దీ పెట్రోలు కావాలి కదా. అలా లాంగ్‌మైర్‌లో ఈ బంకు వచ్చింది.

బంకు అంటే మనకు గుర్తొచ్చేది దూరం నుంచే కొట్టొచ్చినట్టు కనబడే రంగులు, పైన పెద్ద బోర్డు. ఇక్కడ అందుకు సరిగ్గా తలకిందులు. అప్పటి పార్క్ సర్వీసులో టామస్ వింట్ నడిపించిన డిజైన్ విభాగం ఒక పట్టుదల పెట్టుకుంది. అడవిలో ఏం కట్టినా ఆ అడవిలోంచి మొలిచినట్టే ఉండాలి. గోడకు ఆ నది ఒడ్డు రాళ్ళే, స్తంభానికి ఆ చుట్టుపక్కల దుంగలే, కప్పుకు దేవదారు పెంకులే, రంగు గోధుమరంగే. పెద్ద ఆఫీసుకైతే ఎవరైనా ఈ శ్రద్ధ పెడతారు. వీళ్ళు బంకుకూ, గోడౌనుకూ, చివరికి మరుగుదొడ్లకూ అదే శ్రద్ధ పెట్టారు. నాకు నచ్చింది అది. దుంగలు అవసరానికి మించి లావుగా ఉంటాయి. అంత చిన్న కప్పుకు అంత స్తంభాలెందుకని దగ్గర నిలబడితే అనిపిస్తుంది. రోడ్డు దాటి అటువైపు నుంచి చూస్తే వెనక ఉన్న చెట్ల పక్కన అవి సన్నగానే కనబడతాయి. లెక్క అప్పుడు అర్థమైంది.

కింద పెట్రోలు, పైన మేడ మీద మనుషులు ఉండటానికి గదులు. ఇది విని అత్తయ్య, "పెట్రోలు మీద కాపురం పెట్టుకుని పొయ్యి ఎట్లా వెలిగించుకునేవాళ్ళమ్మా" అన్నారు. ఇంతమంది ఆర్కిటెక్చర్ వాళ్ళు దీని గురించి రాసి ఉంటారు, ఈ అనుమానం ఎవరికీ వచ్చి ఉండదు.

బంకుకు కాస్త అవతల 1928 నాటి అడ్మినిస్ట్రేషన్ భవనం. కింది అంతస్తు మొత్తం హిమానీనదాలు నున్నగా దొర్లించిన బండరాళ్ళు, పైన దుంగలు. ఇప్పుడు అడవిలో రాత్రుళ్ళు ఉండటానికి పర్మిట్లు ఇచ్చే ఆఫీసు అందులోనే. నిస్క్వాలీ నది మీద ఒంటి వరస వేలాడే వంతెన దాటితే 1927లో కట్టిన కమ్యూనిటీ భవనం. ఈ మూడింటినీ కలిపి 1987లో జాతీయ చారిత్రక కట్టడాలుగా గుర్తించారు. పదేళ్ళ తర్వాత రోడ్లు, వంతెనలు, మిగతా పాత భవనాలన్నీ కలిపి పార్కుకే ఆ గుర్తింపు ఇచ్చారు. అంటే కొండకూ అడవికీ ఉన్న రక్షణ కాక, బంకుకూ ఒక రక్షణ ఉంది. ఇంకో చిన్న చెక్క ఇల్లు మ్యూజియం. 1916లో పార్కు ఆఫీసుగా కట్టింది అదే. రెండు చిన్న గదులు, ఇరవై నిమిషాలు చాలు. పిల్లలు ఉంటే వాళ్ళకు గడ్డి కూరి నిలబెట్టిన జంతువులు నచ్చుతాయి. పెద్దవాళ్ళు పాత ఫొటోల దగ్గర ఆగుతారు.

ఇక బస సంగతి. పార్కు లోపల ఉండటానికి రెండే హోటళ్ళు. కింద లాంగ్‌మైర్‌లో నేషనల్ పార్క్ ఇన్, పైన ప్యారడైజ్ ఇన్. మేమున్నది మొదటిదాంట్లో. పాతికే గదులు. టీవీ ఉండదు, గదిలో ఫోన్ ఉండదు, ఇంటర్నెట్ ఉండదు. కొన్ని గదులకు బాత్రూం విడిగా లేదు, వరండాలో ఉన్నది నలుగురూ వాడుకోవాలి. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు బుక్ చేసేటప్పుడే బాత్రూం ఉన్న గది చూసి తీసుకోండి, మేము అలాగే తీసుకున్నాం. ఏడాది పొడుగునా తెరిచి ఉండే హోటల్ ఇదొక్కటే.

దీనికీ ఒక కథ ఉంది. రైల్వే వాళ్ళు 1906లో తెరిచిన అసలు నేషనల్ పార్క్ ఇన్ 1926లో కాలిపోయింది. మనం ఇప్పుడు పడుకునేది దానికి అనుబంధంగా 1917లో కట్టిన ఇంట్లో. అది మొదట రోడ్డుకు అవతల ఉండేదట, 1920లో ఇవతలికి జరిపి పెట్టారు. మంట నుంచి తప్పించుకున్న ఆ అనుబంధానికే అసలు పేరు దక్కింది. ముందు వరండాలో కుర్చీలు వేసి ఉంటాయి. వాతావరణం బాగుంటే అక్కడ కూర్చుని కొండను చూడొచ్చు. మాకు మబ్బు తప్ప ఏమీ కనబడలేదు. సెప్టెంబర్ మూడో వారం, సన్నగా జల్లు.

భోజనం గురించి ఎక్కువ చెప్పను. శాకాహారులకు ఉండేవి తక్కువ. అత్తయ్య సూప్, బ్రెడ్డుతో సరిపెట్టుకుని, గదికి వచ్చాక పెరుగన్నం డబ్బా తీశారు. బ్లాక్‌బెర్రీ కాబ్లర్ (పళ్ళ మీద పిండి పరిచి కాల్చే తీపి) మాత్రం తప్పకుండా తినండి, వేడివేడిగా, పైన ఐస్‌క్రీమ్. మావయ్యగారు షుగర్ సంగతి మర్చిపోయి రెండో స్పూను కూడా తీసుకున్నారు. హోటల్ పక్కన 1911 నాటి దుంగల గుడిసెలో చిన్న కొట్టు ఉంది. చిప్స్, కాఫీ, రెయిన్‌కోట్లు దొరుకుతాయి. అక్కడ కూడా ఇంకో కారువాళ్ళు పెట్రోలు గురించే అడుగుతున్నారు. అది చూసి మా ఆయన ముఖంలో కాస్త కళ వచ్చింది.

పార్కు బయట యాష్‌ఫర్డ్ చుట్టూ క్యాబిన్లు బోలెడు. అద్దె తక్కువ, వంటగది ఉంటుంది, మనవాళ్ళు గుంపుగా వెళ్ళినప్పుడు అవే సుఖం. కానీ గత ఏడాది స్నేహితులతో అలాంటి ఒకదాంట్లో దిగాం. రాత్రి పదింటికి హీటర్ పనిచేయట్లేదని మెసేజ్ పెడితే, "పొయ్యి ఉంది కదా, కట్టెలు దుకాణంలో దొరుకుతాయి" అని జవాబు. దుకాణం మూసి రెండు గంటలయింది. తెల్లారేదాకా జాకెట్లతోనే పడుకున్నాం, డబ్బు సగం వెనక్కి రావటానికి మూడు వారాలు పట్టింది. అన్నీ అలాగే ఉంటాయని కాదు. చలికాలం దగ్గర పడ్డాక వెళ్ళేవాళ్ళు మాత్రం హీటర్ గురించి ముందే గట్టిగా అడగండి.

సాయంత్రం జల్లు ఆగాక హోటల్ ఎదురుగా ఉన్న ట్రెయిల్ ఆఫ్ ద షాడోస్ నడిచాం. ముప్పావు మైలు కూడా ఉండదు, దాదాపు చదును. మోకాళ్ళ నొప్పులున్న అత్తయ్య కూడా పూర్తి చేశారు. మధ్యలో బురద గడ్డి, అందులో బుడగలు వేసే ఖనిజ జలాల ఊటలు. జేమ్స్ లాంగ్‌మైర్ అనే రైతు 1883లో కొండెక్కి దిగి వచ్చేటప్పుడు ఈ ఊటలు చూసి, ఇక్కడ జాగా వేసి, 1890లో హోటల్ కట్టి, ఈ నీళ్ళలో స్నానం చేస్తే రోగాలు పోతాయని జనాన్ని రప్పించాడు. ఆయన కొడుకు 1888లో కట్టిన దుంగల గది ఇంకా ఉంది. ఇప్పుడు నీళ్ళు తాగొద్దని బోర్డు పెట్టారు. "పుట్టినచోట మహాత్మ్యం, పోయినచోట బోర్డు" అన్నారు మావయ్యగారు. ఈ సామెత ఆయన అక్కడికక్కడ తయారు చేసిందే అనుకుంటాను.

నడిచి వస్తూ నది వైపు చూస్తే నీళ్ళు పాలు కలిపినట్టు తెల్లగా ఉన్నాయి. హిమానీనదం కింద రాయి పిండి అయ్యి కలవటం వల్ల ఆ రంగు. చూడటానికి పెద్ద నదిలా ఉండదు గానీ, 2006 నవంబరులో 36 గంటల్లో దాదాపు 18 అంగుళాల వాన పడినప్పుడు ఇదే నది గేటు దగ్గర సన్‌షైన్ పాయింట్ క్యాంపు మైదానాన్ని, దాని పక్క రోడ్డును ఊడ్చుకుపోయింది. లాంగ్‌మైర్‌కు కరెంటు, నీళ్ళు, ఫోను తెగిపోయాయి. పార్కును ఆరు నెలలు మూసి, 2007 మే 5న తెరిచారు. వందేళ్ళ కట్టడాలు నిలిచి ఉన్నాయంటే బండరాళ్ళ గోడల వల్ల కొంత, నది ఆ రోజు ఎటు తిరిగిందన్న దానివల్ల కొంత.

మర్నాడు పొద్దున్నే యాష్‌ఫర్డ్‌కు దిగాం. పదమూడు మైళ్ళుంటుందేమో, మొత్తం పల్లమే. మా ఆయన పెట్రోలు మిగల్చాలని గేరు న్యూట్రల్‌లోకి తోయబోతుంటే మావయ్యగారు వెనక సీట్లోంచి ఒక్క అరుపు అరిచారు. "ఘాట్‌లో న్యూట్రల్ కొట్టిన డ్రైవర్లకి మెమోలు ఇచ్చేవాళ్ళంరా! గేర్లోనే ఉంచి యాక్సిలేటర్ వదిలెయ్, ఇంజనే నూనె ఆపుకుంటుంది." ఆయన చెప్పింది సరైనదే. ఇప్పటి ఇంజన్లు గేర్లో పల్లం దిగుతుంటే పెట్రోలు పంపటం ఆపేస్తాయి, పైగా బ్రేకులు వేడెక్కవు. కేఎంపీఎల్, అంటే లీటరుకు వచ్చే కిలోమీటర్లు, పెంచిన డ్రైవర్లకు డిపోలో సన్మానాలు చేసేవాళ్ళమని, ఆ కథలు యాష్‌ఫర్డ్ దాకా వచ్చాయి. బంకులో ట్యాంకు నిండాక మీటరు చూసి, "ఇంకా రెండు లీటర్లు ఉన్నట్టే, ఊరికే భయపెట్టింది" అన్నారు.

మళ్ళీ పైకి. ఈసారి లాంగ్‌మైర్‌లో ఆగలేదు. ప్యారడైజ్‌కు ఇంకా కాస్త దూరం ఉందనగా నారద ఫాల్స్. తప్పుగా చదవలేదు, మన నారదుడే. 1893లో టకోమాలోని దివ్యజ్ఞాన సమాజం వాళ్ళ నారద శాఖ పేరు మీద ఈ జలపాతానికి ఆ పేరు పెట్టారు. అత్తయ్య బోర్డు చదివి, "ఈయన ఇక్కడికి కూడా వచ్చాడా" అని దణ్ణం పెట్టుకున్నారు. పార్కింగ్ నుంచి జలపాతం ఎదురుకు దిగే దారి చిన్నదే గానీ నిటారు, తుంపర్లకు జారుతుంది. పెద్దవాళ్ళు పైనుంచి చూసినా చాలు. అక్కడి మరుగుదొడ్డి కూడా రాతి కట్టడమే. ముందురోజు బంకు చూడకపోతే నేను దాని గోడ వైపు కన్నెత్తి చూసేదాన్ని కాదు.

ప్యారడైజ్‌లో పది నిమిషాలు మబ్బు విడిచింది. కొండ 14,410 అడుగులు, మన కళ్ళ ముందు అంతెత్తు మంచు ఒక్కసారిగా తెరుచుకుంటే ఏం మాట్లాడతాం. మబ్బు మళ్ళీ మూసేసింది. విజిటర్ సెంటర్‌లో కూర్చుని టీ తాగుతుంటే ఇంకో సంగతి తెలిసింది. ఇక్కడ 1966లో గుండ్రంగా, ఎగిరే పళ్ళెం ఆకారంలో ఒక విజిటర్ సెంటర్ కట్టారు. కప్పు వంపు తక్కువ. ప్యారడైజ్‌లో మంచు మామూలుగా పడదు, 1971-72 చలికాలంలో 1,122 అంగుళాలు, అంటే 93 అడుగుల పైన పడింది. ఆ మంచు జారిపోయే దారి లేక, కప్పు మీద కరిగించటానికి చలికాలంలో రోజూ వందల గాలన్ల డీజిల్ కాల్చేవారు. చివరికి 2008లో నిటారు కప్పుతో ఇప్పటిది తెరిచి, తర్వాత దాన్ని తీసేశారు. చోటికి తగ్గట్టు కట్టాలన్న సంగతి, అంతకు ముప్ఫై అయిదేళ్ళకు పైగా ముందు కట్టిన బంకుకు తెలిసింది గానీ, వీళ్ళకు తెలియలేదు. మావయ్యగారు ఈ డీజిల్ లెక్క విని నిజంగా బాధపడ్డారు. "ఆ నూనెతో ఎన్ని బస్సులు తిప్పొచ్చు" అని వేళ్ళ మీద లెక్క కట్టారు.

ప్యారడైజ్ ఇన్ 1917 జులై 1న తెరిచారు. పాత అడవిమంటల్లో మాడి, వెండిలా నెరిసిన అలాస్కా దేవదారు దుంగలతో హాలు కట్టారు. రెండు పెద్ద పొయ్యిలు, పధ్నాలుగు అడుగుల గడియారం, దుంగలతో చేసిన పియానో. చూడటానికి లాంగ్‌మైర్ కన్నా ఇదే గొప్పది, సందేహం లేదు. ఎండ ఎక్కువగా ఉండే జులై, ఆగస్టుల్లో, మెట్లు ఎక్కగలిగినవాళ్ళు, తెల్లారగానే పూల మైదానాల్లో నడవాలనుకునేవాళ్ళు అక్కడే ఉండాలి. చలికాలం మూసేస్తారు. పెద్దవాళ్ళతో, వానల్లో, కాస్త వెచ్చగా, కాళ్ళు చాపుకుని ఉండాలంటే నా ఓటు లాంగ్‌మైర్‌కే. పైకి వెళ్ళేవాళ్ళు ఎవరైనా సరే, నవంబరు 1 నుంచి మే 1 దాకా టైర్ల గొలుసులు కార్లో పెట్టుకుని తీరాలి. ప్రవేశ రుసుము కారుకు 30 డాలర్లు, ఏడు రోజులు పనికొస్తుంది. మ్యాప్ ముందే ఫోన్లో దించుకోండి. పెట్రోలు సంగతి మళ్ళీ చెప్పను.

ఇంటికి వచ్చాక మావయ్యగారు డిపో రిటైర్డ్ ఉద్యోగుల వాట్సాప్ గ్రూపులో ఫొటోలు పెట్టారు. కొండ ఫొటో ఒకటి, నారద ఫాల్స్ ఒకటి, బంకువి పధ్నాలుగు. కొండకు నాలుగు దణ్ణాలు వచ్చాయి. బంకు ఫొటోల కింద పాత స్టోర్స్ క్లర్కు ఒకాయన, "సార్, అక్కడ డీజిల్ రేటెంత ఉంది?" అని అడిగారు. మావయ్యగారు రెండు రోజులుగా దానికి జవాబు టైపు చేస్తున్నారు, ప్రెసిడెంట్ కారును కంచర గాడిదలు లాగిన దగ్గరి నుంచి.